విశ్వవిద్యాలయంలో విశ్వం ఎక్కడిది?

2017 వేసవిలో ఒక ఆదివారం పొద్దున, డబ్లిన్‌లో మేమింకా కాఫీ అయినా తాగకముందే, తెనాలి దగ్గర మా ఊరి నుంచి ఫోను వచ్చింది. చేసినవాడు నాతోపాటు పదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్న స్నేహితుడు. వ్యవసాయం చేసుకుంటాడు. వాళ్ళబ్బాయి బి.టెక్. పూర్తిచేసి, ఎం.ఎస్. కోసం నాలుగైదు దేశాలకు దరఖాస్తులు పెట్టాడని నాకు తెలుసు.

"ఏరా, మీ ఊళ్ళో ట్రినిటీ కాలేజీ అని ఏదో ఉందట గదా, మావాడికి అందులో సీటొచ్చింది," అన్నాడు.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. అటువైపు నుంచి మాత్రం సంతోషం వినపడలేదు.

"కాలేజీ అంటున్నారు గదరా! కాలేజీ తెనాలిలోనూ ఉంది. ఇంకో దేశం నుంచి యూనివర్సిటీ అని పేరున్నదాంట్లోంచి కూడా ఉత్తరం వచ్చింది. ఫీజు కాస్త తక్కువ కూడాను. కన్సల్టెన్సీ వాళ్ళు దాంట్లోనే చేర్చమంటున్నారు. ఎకరన్నర అమ్మి పంపిస్తున్నా. అంతా అమ్ముకుని కొడుకుని కాలేజీలో చేర్చాడంటే నలుగురూ ఏమనుకుంటారు?"

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఎకరన్నర అమ్ముకుంటున్న మనిషి అడిగిన ప్రశ్న అది. పైగా నిజం చెప్పాలంటే, కాలేజీకీ యూనివర్సిటీకీ తేడా ఏమిటని వాడు సూటిగా అడిగితే, ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ నేను ఒక్క వాక్యంలో సమాధానం చెప్పలేకపోయాను. మధ్యాహ్నం మళ్ళీ చేస్తానని పెట్టేశాను. మొదట చేసిన పని, ఆ రెండో సంస్థ పేరు కంప్యూటర్లో వెతకడం. ఆ పేరేమిటో, ఏ దేశమో ఇక్కడ అనవసరం. ఉత్తరం మీద 'యూనివర్సిటీ' అని బొటనవేలంత అక్షరాలున్నాయి గానీ, ఆ దేశ ప్రభుత్వం గుర్తించిన సంస్థల జాబితాలో మాత్రం ఆ పేరు నాకు కనపడలేదు. ఆ సంగతి వాడికి వెంటనే చెప్పాను. అసలు ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ పూట మొదలైన వెతుకులాటే ఈ వ్యాసం.

మనం చదువుకున్నంత కాలం 'యూనివర్సిటీ' అన్న మాటలో 'యూనివర్స్' ఉందనే అనుకున్నాం. విశ్వంలోని విద్యలన్నీ దొరికే చోటు కాబట్టి విశ్వవిద్యాలయం అన్నారని మా లెక్చరర్లు కూడా చెప్పేవారు. తీరా చూస్తే సంగతి వేరు. ఈ మాటకు మూలం లాటిన్‌లోని 'యూనివర్సిటాస్'. ఆకాశానికీ నక్షత్రాలకీ దానితో సంబంధం లేదు. 12, 13 శతాబ్దాల లాటిన్ న్యాయభాషలో యూనివర్సిటాస్ అంటే చట్టం ఒక్క మనిషిగా చూసే జనసమూహం. మన వాడుకలో చెప్పాలంటే సంఘం. ఒక ఊరి పౌరులందరూ కలిస్తే యూనివర్సిటాస్. ఒక వృత్తివారంతా కలిసి కట్టుకున్న సంఘమూ యూనివర్సిటాసే. ఉత్తరాల్లో 'మీరందరూ' అని మర్యాదగా సంబోధించడానికి కూడా ఇదే మాట వాడేవారు. ఆ లెక్కన ఈ సభల్లో భోజనాల వరసలో నిలబడ్డ మనమంతా కూడా ఒక యూనివర్సిటాసే!

మరి చదువుకి ఈ మాట ఎలా అంటుకుంది? పూర్తిపేరు 'గురువుల, శిష్యుల సంఘం' అని ఉండేది. కాలక్రమాన గురువులూ శిష్యులూ రాలిపోయి సంఘం ఒక్కటే మిగిలింది. మనం 'కోఆపరేటివ్ క్రెడిట్ సొసైటీ'ని ఉత్త 'సొసైటీ' చేసేసినట్టే. విద్యాస్థానానికి ఆ రోజుల్లో వేరే మాట ఉండేది: 'స్టూడియం జనరాలె'. దానర్థం కూడా అన్ని విద్యలూ నేర్పే చోటని కాదు, అన్ని ప్రాంతాల వాళ్ళూ వచ్చి చదివే చోటని.

ఈ సంఘం ఎందుకు కావలసి వచ్చిందో ఇటలీలోని బొలోన్యా కథ వింటే తెలుస్తుంది. ఈ కథ చదువుతున్నప్పుడు నాకు మన పిల్లలే గుర్తొచ్చారు. బొలోన్యా విశ్వవిద్యాలయం 1088లో పుట్టిందని ఆనవాయితీగా చెబుతారు. న్యాయశాస్త్రం చదువుకోవడానికి ఆల్ప్స్ పర్వతాల అవతలి నుంచి కూడా కుర్రాళ్ళు వచ్చేవారు. ఆ ఊళ్ళో వాళ్ళు పరాయివాళ్ళు. అక్కడి చట్టం వాళ్ళకు అండగా ఉండదు. ఇంటి అద్దెలు ఇష్టం వచ్చినట్టు పెంచేవారు. ఒంటరిగా అడిగితే వినే నాథుడు లేడు. అందుకని దేశాలవారీగా జట్లు కట్టి, ఆ జట్లన్నీ కలిపి విద్యార్థులే సంఘం పెట్టుకున్నారు. అద్దె తగ్గించకపోతే అందరం వేరే ఊరికి వెళ్ళిపోతామన్నారు. అన్నట్టే కొన్నిసార్లు వెళ్ళిపోయారు కూడా. డబ్లిన్‌లో ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుంటూ, అద్దె కోసం వారాంతాల్లో షిఫ్టులు చేసుకుంటున్న మన పిల్లలకు ఈ కథ వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

ఇల్లుగలవాళ్ళ పని పట్టాక ఆ విద్యార్థులు గురువుల వైపు తిరిగారు. జీతం ఇచ్చేది తామే కాబట్టి నియమాలూ తామే రాశారు. గంట కొట్టిన తర్వాత పాఠం మొదలుపెడితే జరిమానా. గంట కొట్టాక ఆపకపోయినా జరిమానా. కష్టమైన అధ్యాయం దాటేసి వెళితే జరిమానా. పాఠానికి ఐదుగురైనా రాకపోతే ఆ రోజు గురువు రానట్టే లెక్క, దానికీ జరిమానా. ఊరు విడిచి వెళ్ళాలంటే తిరిగొస్తానని డబ్బు పూచీ కట్టాలి. మా ఇంజనీరింగు కాలేజీలో ఈ పద్ధతి ఉండి ఉంటే సగం మంది లెక్చరర్లు ఇల్లు అమ్ముకునేవారు.

పారిస్‌లో దీనికి తలకిందులు. అక్కడ సంఘం కట్టింది గురువులు. 1229లో ఊరి అధికారుల చేతిలో కొందరు విద్యార్థులు చనిపోతే, ఆ గురువులు పాఠాలు ఆపేసి రెండేళ్ళ పాటు ఊరే విడిచిపోయారు. చివరికి 1231లో పోపు వాళ్ళ హక్కులను గుర్తిస్తూ శాసనం ఇవ్వాల్సి వచ్చింది. భవనాలూ లైబ్రరీలూ లేని కాలం కనుకనే ఇది సాధ్యమైంది. మనుషులు లేచిపోతే విశ్వవిద్యాలయం లేచిపోయినట్టే.

'కాలేజీ' కూడా ఇలాంటిదే. లాటిన్ 'కొలీజియం' అంటే ఒక పనికోసం ఒకచోట చేరిన సహచరుల బృందం. 'కొలీగ్' అన్న మాటకు దగ్గర చుట్టం. పారిస్‌లోనూ ఆక్స్‌ఫర్డ్‌లోనూ మొదట్లో పేద విద్యార్థులకు బస, భోజనం ఏర్పాటుచేసిన ధర్మసంస్థలను ఆ మాటతో పిలిచారు. అంటే కాలేజీ మనవైపు కులసంఘాలూ దాతలూ పెట్టిన హాస్టలు వంటిది. పాఠాలు చెప్పడం తర్వాత వచ్చి చేరింది. పరీక్ష పెట్టి పట్టా ఇచ్చే అధికారం యూనివర్సిటీది, కూడూ గూడూ కాలేజీది. ఇదీ మొదటి పంపకం.

ఇక మా డబ్లిన్ సంగతికి వస్తాను. ఇక్కడ 1320లోనే సెయింట్ పాట్రిక్ కేథడ్రల్‌లో ఒక విశ్వవిద్యాలయం మొదలుపెట్టారు గానీ డబ్బుల్లేక అది నిలదొక్కుకోలేదు. 1592లో ఎలిజబెత్ రాణి ఇచ్చిన చార్టరుతో ట్రినిటీ కాలేజీ వెలిసింది. ఆ చార్టరులో ఈ కాలేజీని 'విశ్వవిద్యాలయానికి తల్లి' అన్నారు. ఆక్స్‌ఫర్డ్‌, కేంబ్రిడ్జిల్లో లాగే ఒక యూనివర్సిటీ, దాని కింద బోలెడు కాలేజీలు వస్తాయని వాళ్ళ ఆలోచన. నాలుగు వందల ఏళ్ళు దాటినా రెండో కాలేజీ రాలేదు. అందువల్ల డబ్లిన్ విశ్వవిద్యాలయం అనే సంస్థకు ట్రినిటీ ఒక్కటే కాలేజీ. చదువు చెప్పేది ట్రినిటీ, డిగ్రీ ఇచ్చేది డబ్లిన్ విశ్వవిద్యాలయం. రెండూ ఒకే ప్రాంగణంలో ఒకే గొడుగు కింద కాపరం చేస్తాయి. మా స్నేహితుడి అనుమానం ఇక్కడే తీరిపోవాల్సింది. వాళ్ళబ్బాయి పట్టా మీద ఉండబోయేది యూనివర్సిటీ పేరే.

ట్రినిటీ కాలేజీ చట్టప్రకారం పేరు విన్నారా? డబ్లిన్ సమీపాన ఉన్న ఎలిజబెత్ రాణి పవిత్ర అవిభక్త త్రిత్వ కళాశాల ప్రోవోస్టు, ఫెలోలు, ఫౌండేషన్ స్కాలర్లు, బోర్డులోని ఇతర సభ్యులు. పేరులో స్థలం కన్నా ముందు మనుషుల్ని లెక్కపెట్టారు. ఆ పాత యూనివర్సిటాస్ అర్థం ఇక్కడ ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. 'డబ్లిన్ సమీపాన' అనడానికి కారణం, 1592లో ఆ చోటు కోటగోడకు బయట ఉండేది. ఇప్పుడది ఊరి నడిబొడ్డు.

పక్కనున్న యు.సి.డి. పేరు ఇంకా తమాషా: యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్. రెండు మాటలూ ఒకే పేరులో! 1908 చట్టంతో ఏర్పడిన నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లండ్‌లో అది ఒక అంగం కాబట్టి ఆ పేరు. ఇక మామూలు ఐరిష్‌వాళ్ళ నోట ఏదైనా సరే కాలేజీయే. పిహెచ్.డి. చేస్తున్న అమ్మాయి కూడా 'నేను కాలేజీలో ఉన్నాను' అంటుంది. మనవాళ్ళు ఇంటర్మీడియట్‌కి వాడే మాట అది. ఒకే మాట రెండు దేశాల్లో రెండు ఎత్తుల్లో కూర్చుంది. తెనాలిలో గొడవ వచ్చింది అందుకే.

ఐరిష్ భాషలో విశ్వవిద్యాలయాన్ని 'ఓల్‌స్కొల్' అంటారు. ఓల్ అంటే పెద్ద, స్కొల్ అంటే బడి. పెద్దబడి, అంతే. ఇక్కడ సూపర్‌మార్కెట్టుకీ ఇదే సూత్రంతో 'పెద్ద అంగడి' అని మాట కట్టారు. ఆ స్కొల్ లాటిన్ మీదుగా గ్రీకు 'స్కొలే' నుంచి వచ్చింది. గ్రీకులో దాని అసలు అర్థం తీరిక. పొలం పనీ ఇంటి పనీ లేకుండా తీరిక ఉన్నవాడే చదువుకోగలడని కాబోలు. ప్రొఫెసరుకి ఐరిష్ మాట 'ఓలవ్'. ఇది చాలా పాతది. ఒకప్పుడు ఐర్లండులో కవుల్లో అందరికన్నా పై మెట్టు మీదవాడి బిరుదు అది. ఆ మెట్టెక్కడానికి పన్నెండేళ్ళ శిక్షణ. మూడు వందల యాభై కథలు నోటికి వచ్చి ఉండాలి. మన అవధానులకు ఇచ్చే గౌరవం లాంటిది వాళ్ళకు దక్కేది.

సరే, మనం ఏం చేశాం? మనకు యూనివర్సిటీ మాట మద్రాసు మీదుగా వచ్చింది. 1841లో మద్రాసులో 'యూనివర్సిటీ' పేరుతో తెరిచింది నిజానికి ఒక హైస్కూలు. అదే తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీగా మారింది. పేరు ముందు, సరుకు తర్వాత అన్నమాట. ఇప్పటి వాళ్ళు కనిపెట్టిన విద్య కాదది. అసలు మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో లండన్ నమూనా మీద ఏర్పడింది. మొదట్లో పాఠాలు చెప్పని, పరీక్షలు మాత్రం పెట్టే సంస్థ అది.

తెలుగులో దీనికి మాట వెతికినవాళ్ళు ఒక దారిన పోలేదు. కొందరు 'సర్వకళాశాల' అన్నారు. మలయాళంలో ఇప్పటికీ అదే మాట. తమిళులు 'పల్‌కలైక్కళగం' అన్నారు, అంటే పలు కళల సంఘం. మరాఠీవాళ్ళు విద్యాపీఠం అన్నారు. 1916లో వెలిసిన కాశీ హిందూ విశ్వవిద్యాలయం, 1921లో వచ్చిన టాగోర్ విశ్వభారతి ఈ 'విశ్వ'కు దేశమంతా ప్రాచుర్యం తెచ్చాయి. చివరికి తెలుగులో విశ్వవిద్యాలయమే గెలిచింది. లాటిన్ సంఘం సంస్కృతంలో బ్రహ్మాండమైంది!

ఇది మనవాళ్ళ పొరపాటే అనుకుంటే అన్యాయం. కార్డినల్ న్యూమన్ అంతటివాడు, 1852లో ఇదే డబ్లిన్ నగరంలో విశ్వవిద్యాలయం అంటే ఏమిటో ఉపన్యాసాలిస్తూ, సార్వత్రికమైన జ్ఞానాన్ని బోధించే చోటని నిర్వచనం చెప్పాడు. 'ద ఐడియా ఆఫ్ ఎ యూనివర్సిటీ' అన్న ప్రసిద్ధ గ్రంథం ఆ ఉపన్యాసాల నుంచి పుట్టిందే. ఇంగ్లీషువాళ్ళే మాటలో విశ్వాన్ని చూస్తుంటే మన పండితులు చూడటంలో వింత లేదు. పొరపాటైనా అందమైన పొరపాటని నాకనిపిస్తుంది.

మన మాటల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది మాత్రం 'ఆంధ్ర విశ్వకళాపరిషత్తు'. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరు చేరిన ఆంధ్రా యూనివర్సిటీకి తెలుగు పేరు అది. కట్టమంచి రామలింగారెడ్డిగారు తొలి ఉపాధ్యక్షులు. ఈ పేరులో 'ఆలయం' లేదు, 'శాల' లేదు. పరిషత్తు ఉంది. పరిషత్తు అంటే చుట్టూ కూర్చున్నవాళ్ళు. బృహదారణ్యకోపనిషత్తులో శ్వేతకేతువు వెళ్ళింది పాంచాలుల పరిషత్తుకే. ధర్మసందేహం తీర్చడానికి పదిమందో, కనీసం ముగ్గురో పండితులు కూర్చుంటే పరిషత్తని మనుస్మృతి చెబుతుంది. కావాలని చేశారో, చెవికి బాగుందని చేశారో గానీ, విశ్వం అనే పొరపాటునీ, సంఘం అనే అసలు అర్థాన్నీ ఒకే పేరులో పక్కపక్కన కూర్చోబెట్టారు.

హైదరాబాదులో ఇంకో దారి. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడ్డ ఉస్మానియాను 'జామియా ఉస్మానియా' అన్నారు. జామియా అంటే అందరినీ కూర్చేది. మన కరణాల లెక్కల్లోని 'జమ', 'జమాబందీ', 'జమాఖర్చు' అన్నీ అదే అరబ్బీ ధాతువు పిల్లలు. ఒక్కచోటికి చేర్చడమే అర్థం. అంటే లాటిన్ యూనివర్సిటాస్‌కి దగ్గరగా వచ్చిన అనువాదం నిజాం గారి పాలనలో వాడిన మాటే. ఈ మాట విశాఖపట్నం మిత్రులకు కాస్త కష్టంగా ఉంటుందేమో, పరిషత్తు ఉంది గదా, సర్దుకోవాలి.

ఇక్కడ ఒక మాట చెబితే కొందరికి కోపం రావచ్చు. తక్షశిల విశ్వవిద్యాలయం అని మనం గొప్పగా చెప్పుకుంటాం. లాటిన్ అర్థం పట్టుకుని చూస్తే తక్షశిల యూనివర్సిటీ కాదు. అక్కడ గొప్ప గురువులుండేవారు, ఎవరి ఇంట్లో వారు శిష్యుల్ని పెట్టుకుని చెప్పుకునేవారు. వాళ్ళందరినీ కలిపే సంఘం ఉన్నట్టు ఆధారం లేదు. నాలందా అలా కాదు. తవ్వకాల్లో దొరికిన మట్టి ముద్రల మీద 'నాలందా మహావిహారపు ఆర్యభిక్షు సంఘానిది' అన్న అర్థంలో అక్షరాలున్నాయి. ముద్ర రాజుది కాదు, భవనానిది కాదు, సంఘానిది. బొలోన్యా పుట్టకముందు కొన్ని శతాబ్దాలనాడే యూనివర్సిటాస్ లక్షణం అచ్చంగా అక్కడ ఉంది.

మన తెలుగు నేలనే చూసుకుంటే, భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుకరండాల మీద 'నిగమ', 'గోష్ఠి' అన్న మాటలున్నాయి. రెండూ జనం కట్టుకున్న సంఘాలే. గోష్ఠి అంటే మొదట ఆవులు చేరే చోటు. తర్వాత మనుషులు చేరే చోటైంది. ఇప్పుడు కవులు చేరే చోటు, మధ్యలో చాలా మారిందనుకోవాలి. విష్ణుకుండి రాజు ఇంద్రభట్టారకుడు ఘటికలు స్థాపించి పుణ్యం కట్టుకున్నాడని చిక్కుళ్ల తామ్రశాసనం చెబుతుంది. ఘటికలంటే పెద్ద చదువుల కేంద్రాలు. కంచిలోది మరీ ప్రసిద్ధం.

అన్నిటినీ మించి మల్కాపురం శాసనం. మందడం దగ్గర, ఇప్పుడు సచివాలయం ఉన్న వెలగపూడి పక్కనే ఆ ఊరు. చిన్నప్పుడు చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ఆ శాసనం పక్కగా ఎన్నోసార్లు తిరిగాను. దాని మీద ఏముందో తెలుసుకున్నది మాత్రం డబ్లిన్ వచ్చాక. సిగ్గుపడాల్సిన విషయమే. 1261లో, రుద్రమదేవి కాలంలో, గోళకీ మఠాధిపతి విశ్వేశ్వర శివాచార్యులు అక్కడ ఏర్పాటుచేసినవి అందులో ఉన్నాయి: మఠం, విద్యామండపం, సత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల. మూడు వేదాలు చెప్పడానికి ముగ్గురు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం వంటివి చెప్పడానికి ఐదుగురు అధ్యాపకులు. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. అంటే ఫాకల్టీ, హెల్త్ సెంటరు, రిజిస్ట్రారు! ఆ ఏడాదికి డబ్లిన్‌లో విశ్వవిద్యాలయం అన్న ఊహైనా లేదు.

అయితే ఐర్లండును తక్కువ చేయకూడదు. ఇక్కడి మఠాల చదువులు అంతకన్నా పాతవి. షానన్ నది ఒడ్డున క్లోన్‌మక్‌నాయిస్, విక్లో కొండల్లో గ్లెన్‌డాలోక్. డబ్లిన్ తెలుగువాళ్ళం ఏటా పులిహోర పొట్లాలతో పిక్నిక్‌కి పోయే గ్లెన్‌డాలోక్ అదే. 731లో తన చరిత్ర పూర్తిచేసిన ఇంగ్లండు సన్యాసి బీడ్, 664 నాటి మహమ్మారి గురించి రాస్తూ, చదువు కోసం సముద్రం దాటి వచ్చిన ఇంగ్లీషువాళ్ళకు ఐరిష్‌వాళ్ళు రోజూ తిండి పెట్టి, పుస్తకాలిచ్చి, ఉచితంగా చదువు చెప్పారని రాశాడు. పరాయి విద్యార్థుల ఫీజు చూసినప్పుడల్లా నాకు బీడ్ గుర్తొస్తాడు.

ఈ రెండు నేలల్నీ కలిపిన మనుషులు కూడా ఉన్నారు, వాళ్ళ కథలోనూ యూనివర్సిటీ అన్న మాటే చిక్కుముడి. 19వ శతాబ్దంలో ఐర్లండు కాథలిక్కులు ట్రినిటీని తమదనుకోలేదు. 1854లో న్యూమన్ రెక్టరుగా కాథలిక్ యూనివర్సిటీ పెట్టుకున్నారు. ప్రభుత్వం చార్టరు ఇవ్వలేదు, కాబట్టి ఆ డిగ్రీలకు విలువ లేకపోయింది. ఆ గొడవకు మధ్యేమార్గంగా 1880లో రాయల్ యూనివర్సిటీ ఆఫ్ ఐర్లండ్ వచ్చింది. మద్రాసు లాగే అది కూడా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. ఎక్కడ చదివారన్నది అడగదు. అందువల్ల ఆడపిల్లలకు తలుపు తెరుచుకుంది. ట్రినిటీ ఆడవాళ్ళను 1904 దాకా చేర్చుకోలేదు. రాయల్ యూనివర్సిటీలో 1884లోనే తొమ్మిదిమంది స్త్రీలు పట్టభద్రులయ్యారు.

ఆ దారిలోనే 1902లో సంగీతంలో పట్టా పుచ్చుకున్నది రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ ఊరి అమ్మాయి మార్గరెట్. జేమ్స్ జాయిస్ డిగ్రీ కూడా అదే ఏడాది, అదే యూనివర్సిటీది. ఆమె బెల్‌ఫాస్ట్ కవి జేమ్స్ కజిన్స్‌ను పెళ్ళాడి, 1915లో మద్రాసు చేరింది. ఆ ఏడాదే అనీబిసెంట్ అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో కాలేజీ పెట్టారు. కజిన్స్ అక్కడ ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. హోంరూల్ ఉద్యమంలో విద్యార్థులు దూకడంతో ఆ కాలేజీకి మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. అడయారులో బిసెంట్ బృందం పెట్టిన నేషనల్ యూనివర్సిటీకి దాన్ని చేర్చారు. దానికి ఛాన్సలర్ రవీంద్రనాథ్ టాగోర్. సర్కారు గుర్తించని యూనివర్సిటీ అంటే ఏమిటో డబ్లిన్‌లో చూసి వచ్చిన కజిన్స్ దంపతులకు అది కొత్త కథ కాదు.

1919 ఫిబ్రవరిలో టాగోర్ మదనపల్లె వచ్చారు. అక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించుకున్నారు, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చారు. ఇది మనందరికీ తెలిసిన కథే. ఆమె చేతిలో ఉన్నది మా డబ్లిన్ పట్టా అన్నది అంతగా చెప్పుకోం. ఈ దేశంలో జనగణమన పాడుకున్నప్పుడల్లా నాకు బాయిల్, మదనపల్లె ఒకేసారి గుర్తొస్తాయి.

ఇప్పుడు మళ్ళీ మా స్నేహితుడి దగ్గరికి. మధ్యాహ్నం ఫోన్ చేసి ముందు చట్టం చెప్పాను. ఐర్లండులో ఎవరు పడితే వాళ్ళు బోర్డు మీద యూనివర్సిటీ అని రాసుకోవడానికి లేదు. 1997 విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం మంత్రి అనుమతి కావాలి. లిమరిక్, డబ్లిన్‌లలోని రెండు ఉన్నత విద్యాసంస్థలు ఆ పేరు కోసం ఏళ్ళ తరబడి అడిగి, 1989లో తెచ్చుకున్నాయి. స్వతంత్ర ఐర్లండు పుట్టాక వెలిసిన మొదటి విశ్వవిద్యాలయాలవి. బ్లాంచర్డ్స్‌టౌన్, టాలా వంటి చోట్లనున్న ఇన్‌స్టిట్యూట్లకు ఇంకా ఆగాల్సి వచ్చింది. (ఆ తర్వాత 2019 జనవరి 1న అవి టెక్నలాజికల్ యూనివర్సిటీ డబ్లిన్‌లో కలిశాయి. మా వీధిలో ఒక కుర్రాడు ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, గది మారకుండానే యూనివర్సిటీ నుంచి బయటికొచ్చాడు.)

వాడు ఊఁ కొట్టాడు. చట్టం వాడిని పెద్దగా కదిలించినట్టు లేదు. లాటిన్ సంఘమూ కదిలించలేదు. చివరికి విసుగొచ్చి, "ఆ కాలేజీ పెట్టింది 1592లోరా," అన్నాను.

అటు కాసేపు మాట లేదు. "చార్మినారు ఎప్పుడు కట్టారు?" అన్నాడు.

"1591."

"అంటే చార్మినారు కట్టిన మర్నాడు పెట్టారన్నమాట," అన్నాడు. "అలాగైతే కాలేజీ అయినా ఫరవాలేదు."

వాడికి బేరం కుదిరింది అక్కడ. నా పరిశోధన అంతా ఒక పక్క, చార్మినారు ఒక పక్క.

ఆ నవంబరులో మళ్ళీ ఫోను. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, డీమ్డ్ సంస్థలేవీ పేరులో యూనివర్సిటీ అన్న మాట వాడకూడదని యు.జి.సి. ఆదేశించింది. 1956 నాటి యు.జి.సి. చట్టంలోనే ఆ మాటకు కట్టడి ఉంది, ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. వాడి మేనల్లుడు చదువుతున్నచోట గేటు మీది బోర్డులో అక్షరాలు తీసేస్తున్నారట. "ఇక్కడ యూనివర్సిటీ రాత్రికి రాత్రి కాకుండా పోయింది. నీ కాలేజీ యూనివర్సిటీ అంటావు. ఏమిటోరా ఇదంతా," అన్నాడు. నేను చెప్పబోయాను గానీ వాడికి పొలం దగ్గర పనివాళ్ళు ఎదురు చూస్తున్నారు.

ఏడాదిన్నర తర్వాత పట్టా రోజుకి దంపతులిద్దరూ డబ్లిన్ వచ్చారు. ట్రినిటీలో ఆ ఉత్సవాన్ని 'కమెన్స్‌మెంట్స్' అంటారు, అంటే ప్రారంభాలు. పాతకాలంలో పట్టా పుచ్చుకున్నవాడు ఆ రోజు నుంచి పాఠం చెప్పడం ప్రారంభించేవాడు, అందుకని. తంతు అంతా లాటిన్‌లోనే. నా పక్కన కూర్చున్న వాడు నోరు తెరుచుకుని వింటున్నాడు. పెళ్ళిమంత్రాల్లాగే ఉన్నాయని వాళ్ళావిడ అంది. ఒకచోట యూనివర్సిటాస్ అన్న మాట నా చెవిన పడింది. వాడి భుజం తట్టి, "అదే, ఆ మాటే," అన్నాను.

"ఏ మాట?"

"సంఘం."

"ఊరుకో," అన్నాడు. కొడుకు పేరు పిలుస్తారేమోనని వాడి ధ్యాస అటుంది.

సాయంత్రం మా ఇంట్లో ఆ పట్టాను బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, డబ్లిన్ విశ్వవిద్యాలయం పేరు ఎక్కడుందో చూపించమని వేలు పెట్టించుకున్నాడు. తెలుగులో పట్టా అంటే డిగ్రీ కాగితమే కాదు, పొలం కాగితం కూడానని నేనేదో భాషాశాస్త్రం మొదలుపెడుతుంటే వాళ్ళావిడ సంచిలోంచి జిప్పున్న ప్లాస్టిక్ కవరొకటి తీసింది. పాతది, అంచులు పసుపెక్కింది, మీద సర్వే నంబరు రాసిన చీటీ ఇంకా అంటించే ఉంది. కాగితం మడత పడకుండా వాడు నెమ్మదిగా చుట్టి, అందులో పెట్టుకున్నాడు.